అడుగు పొరలో ఉన్న అమ్మాయి

మన పెళ్ళి ఆల్బముల్లో పెళ్ళికూతుళ్ళంతా ఒకే రంగులోకి వచ్చేశారు. మా పెద్దమ్మ మనవరాలి కరిజ్మా ఆల్బమ్ ఈమధ్యే మస్కట్ పక్కన మా అల్ హైల్‌కి చేరింది. అమ్మాయిది చామనఛాయ. ఆల్బమ్‌లో పాలరంగు. వెనక మంచుకొండలు. పెళ్ళి జరిగిందేమో తణుకులో! కొండల్ని చూసి నవ్వుకుని వదిలేయొచ్చు. రంగు సంగతి మాత్రం వదలకూడదంటాను.

"ఫొటో అన్నాక టచింగ్ ఎప్పుడూ ఉన్నదేగా" అంటారు. నిజమే. నలుపు తెలుపు ఫొటోలకి కుంచెతో రంగులద్దేవారు, నెగెటివ్ మీద పెన్సిలుతో మచ్చలు మాపేవారు. 1857లోనే ఆస్కార్ రెయిలాండర్ ముప్ఫైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశాడు. వెలుగు సరిచేస్తే నాకూ అభ్యంతరం లేదు. ఇక్కడ వేసవి మధ్యాహ్నం ఫొటో తీస్తే సముద్రమూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో వస్తాయి. కాంట్రాస్ట్ పెంచితేనే కంటికి కనిపించినది ఫొటోలోకి వస్తుంది. చామనఛాయని తెలుపు చెయ్యడం అలాంటిది కాదు. "నువ్వు ఇలా పుట్టకపోతే బాగుండేది" అని పెళ్ళినాడే అమ్మాయి మొహం మీద అనడం అది.

కంప్యూటర్లతో బతికేవాణ్ణి కాబట్టి ఇంకో మాట. 1994లో ఫొటోషాప్ 3.0తో లేయర్లు వచ్చాయి. రంగు ఒక పొరలో, నీడ ఇంకో పొరలో. అడుగున అసలు ఫొటో చెక్కుచెదరకుండా ఉంటుంది. పై పొరలు ఆపేస్తే అసలు మొహం తిరిగొస్తుంది. స్టూడియోలో చివరికి అన్నీ కలిపేసి జేపెగ్ చేసి చేతిలో పెడతారు. ఇక ఆ పొరలు విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ నాకు తెలిసిన ఒకాయనకి కూతురి పెళ్ళికి సెలవు దొరకలేదు. స్టూడియోవాళ్ళు ఆయన పాత ఫొటో కత్తిరించి పీటల మీద కూర్చోబెట్టారు. దాన్ని తప్పు పట్టే గుండె నాకు లేదు. కానీ ముప్ఫై ఏళ్ళ తరవాత మనవలు తాతయ్యే కన్యాదానం చేశాడనుకుంటారు. ఆయన గల్ఫ్‌లో పోగొట్టుకున్నదేమిటో వాళ్ళకి తెలియకుండా పోతుంది. ఆ ఫొటో వెనక రెండు ముక్కలు రాసిపెట్టమంటాను.

స్టూడియోవాళ్ళని మాత్రమే అని లాభం లేదు. "అమ్మాయి తెల్లగా ఉండాలి" అని అడిగేది మనం. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు సైతం ఆ 'ఫెయిర్' అన్న మాట తీసేశారు. మనం ఇంకా తియ్యలేదు. డబ్బు కట్టేది మనమే కదా! రంగు మార్చొద్దని ముందే చెప్పండి. ఆల్బమ్‌తో పాటు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్ళు కూడా అడిగి తీసుకోండి. రేపు ఆ అమ్మాయి కూతురు తన రంగు ఎవరి పోలికో వెతుక్కున్నప్పుడు, అమ్మ మొహం అందులో ఉండాలి.