తిన్నా ఎదగని కోడిపిల్ల

బాలలూ! హైదరాబాదులో హైటెక్ సిటీ అద్దాల మేడలను మీలో కొందరు చూచే ఉంటారు. అక్కడ పనిచేసేవారి భోజనం డబ్బాలోనైనా, మీ పళ్ళెంలోనైనా ఉడికిన కోడిగుడ్డు తరచు కనిపిస్తుంది. గుడ్డులోని మాంసకృత్తులకు ఆధారం కోడి తినే దాణాయే గదా! అందుకే దాణాలో మొక్కజొన్నతోపాటు, నూనె తీసిన సోయాచిక్కుడు పిండిని కలుపుతారు.

అయితే ఒక చిత్రం. పచ్చి సోయాగింజలను పొడిచేసి పెడితే కోడిపిల్లలు తింటాయి. కాని సరిగా ఎదగవు. ఎందుచేత?

కోడికి పళ్ళు లేవు. గింజలను కందనకాయ నూరుతుంది. తరువాత పేగులో, క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తులను కత్తెరలా ముక్కలు చేస్తుంది. అలా ముక్కలైతేనే అవి ఒంటికి పడతాయి. పచ్చి సోయాలోని ఒక పదార్థం ఈ కత్తెర నోట గట్టిగా ఇరుక్కుంటుంది. ఇక కత్తెర పనిచేయదు! దీనినే నిరోధకం అంటారు. అప్పుడు క్లోమం ఇంకా ఇంకా ట్రిప్సిన్ తయారుచేసి, ఆ శ్రమకు తానే పెద్దదైపోతుంది. ట్రిప్సిన్ కూడా మాంసకృత్తే. అది రెట్టలో పోతే నష్టం మీద నష్టం!

1917లో అమెరికాలో ఆస్‌బర్న్, మెండెల్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలకు సోయా పెట్టి చూచారు. ఉడికించినది తిన్నవి ఎదిగాయి. పచ్చిది తిన్నవి ఎదగలేదు. 1945లో కునిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ నిరోధకాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు.

మరి మొక్కకు కోడి మీద పగా? కాదు. గింజ మొక్కకు బిడ్డ వంటిది. దానిని పురుగుల నుంచి కాపాడుకోవాలి. హైటెక్ సిటీకి దగ్గరలోనే, గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు కందిగింజల నుంచి ఇటువంటి నిరోధకాలనే తీసి, ఆముదపు ఆకులు తినే పురుగుల జీర్ణరసం మీద పరీక్షించారు. అవి ఆ రసాన్ని అడ్డుకున్నాయి.

కోడికి మాత్రం ఉపాయం ఉన్నది: వేడి. ఆవిరి తగిలితే సోయాలోని నిరోధకం చాలావరకు చెడిపోతుంది. అలాగని మాడిస్తే మాంసకృత్తులూ దెబ్బతింటాయి. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే! దాణా తయారుచేసేవారి నేర్పంతా ఇక్కడే ఉంది.

ఇకమీదట ఆకలివేళ అమ్మ, "చిక్కుడుగింజలు ఇంకా ఉడకలేదు, కాస్త ఆగు" అంటే విసుక్కోకండి. మీ కడుపులోనూ అటువంటి కత్తెరే ఉంది. దానికి అడ్డు తొలగించే పనిలోనే ఉన్నది ఆ పొయ్యి.