కింద మల్గీ, మీద మకాన్

కింద దుకాణాలు, మీద నివాసం. ఈ మాటను ఇప్పుడు బిల్డర్లు కొత్త సంగతిలా చెప్తున్నారు గానీ, కరీంనగర్ పాత బజార్లలో మన బుజుర్గులు కట్టుకున్నది అదే. రోడ్డు వైపు మల్గీలు, పైన ఘర్‌వాలాలు. మట్టీ సున్నం గోడల మీద ఆదిలాబాద్ జంగల్ నుంచి వచ్చిన సాగ్వాన్ దూలాలు.

అన్నదమ్ములు హిస్సాలు పంచుకోగానే ఆ మకాన్ కూలిపోతుంది. దూలాలు కబాడీ వాడు అడిగిన ధరకే పోతాయి. వాటి జాగాలో నిలువెల్లా కాంక్రీటు లేస్తుంది. మే నెలలో ఆ స్లాబు కింద రాత్రి పన్నెండింటికి కూడా నిద్ర పట్టదు.

ఇమారత్ మొత్తం లకడీతోనే కట్టమని నేననడం లేదు. చెదలు మన జమీన్‌లో అసలు ఖత్రా. అందుకే మల్గీల అంతస్తు, మెట్లు, లిఫ్టు కాంక్రీటుతో కట్టి, పై అంతస్తులకు చెక్క వాడాలి. అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన అసెంట్ ఇమారత్ అలాంటిదే: మొత్తం 25 అంతస్తులు, కింద ఆరు కాంక్రీటు, పైన పంతొమ్మిది అతికించిన చెక్క. నిప్పంటుకుంటే? లావు దూలం పైపైన బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కను చాలాసేపు కాపాడుతుంది. మన దేశంలో కేంద్ర ప్రజా పనుల శాఖ 1993లో చెక్క మీద పెట్టిన పాబందీని 2020లో ఎత్తేసింది కూడా.

మరి లకడీ ఎక్కడిది? ఆదిలాబాద్ జంగల్‌ను మళ్లీ నరకడమైతే నాకు మంజూరు కాదు. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అంతకన్నా ముందు, జల్ జంగల్ జమీన్ అని కొమురం భీమ్ 1940లో ప్రాణం ఇచ్చిన గడ్డ అది. మన షౌక్ కోసం గోండుల హక్ మీద గొడ్డలి వేయడం జుల్మ్. రైతుల పొలాల్లో పెంచిన చెట్లు వాడుకోవచ్చు. వాటికంటే ముందు, కూల్చిన మకాన్లలో ఉన్న పాత సాగ్వాన్ వాడుకోవాలి.

అతికించిన దూలాల ఖర్చు ఒక్క ఖాందాన్ మోసేది కాదు, తెలుసు. అందుకే మల్గీల కిరాయితో నడిచే మస్జిద్ కమిటీలు ముందు కదలాలంటాను. మస్జిదె నబవీ తొలి స్తంభాలు ఖర్జూరపు మొద్దులే కదా! వుజూ నీళ్లలో ఇస్రాఫ్ వద్దని చెప్పే మనం, వక్ఫ్ సాగ్వాన్‌ను లెక్క లేకుండా ఎలా వదిలేస్తాం? పాత మల్గీలు కూల్చే ముందు ప్రతి దూలాన్నీ కొలిచి రాయించాలి. మంచివి పైన కట్టే మద్రసా కప్పుకు పోవాలి.

ఈ జుమా నమాజ్ అయ్యాక మీ కమిటీ సదర్ సాబ్‌ను అడగండి: కిందటిసారి కూల్చినప్పుడు దూలాలు ఎన్ని దిగాయి, ఎవరికి అమ్మారు, ఎంతకు?