సూక్ష్మదర్శినికి కానరానంత మాత్రమున క్షయ లేనట్లా?

రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, నానాటికి కృశించు దేహము గల అగ్గిపెట్టెల కార్మికురాలు మన కోవిల్‌పట్టిలో ఆసుపత్రికి పోయినదనుకొందము. ఆమె కఫమును సూక్ష్మదర్శినిలో చూచి, "క్రిములు లేవు, పొమ్ము" అన్నచో సరిపోవునా? సరిపోదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

సూక్ష్మదర్శినికి క్షయక్రిమి కనబడవలెనన్న, ఒక మిల్లీలీటరు కఫమున సుమారు 5,000 నుండి 10,000 క్రిములుండవలెను. అంతకు తక్కువయున్న రోగి ఆ పరీక్ష దృష్టిలో ఆరోగ్యవంతుడే! క్రిమి జన్యుపదార్థమును కోట్లరెట్లు పెంచి గుర్తించు సీబీనాట్ పరీక్షకు సుమారు 130 క్రిములున్నను చాలును. రెండు గంటలలో ఫలితము వచ్చును. రిఫాంపిసిన్ అను ముఖ్యౌషధమునకు ఆ క్రిమి లొంగునో లేదో కూడ అప్పుడే తెలియును. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2010లోనే ఆమోదించెను. గోవా సంస్థ రూపొందించిన ట్రూనాట్‌ను 2020లో ఆమోదించెను. ఇది బ్యాటరీతో నడచును గనుక చిన్న ఆరోగ్యకేంద్రమునను ఉంచవచ్చును.

"జన్యుపరీక్ష ప్రియము, సూక్ష్మదర్శిని చాలును" అనువారు కలరు. ఎవరికి చాలును? చేసిన పనికే కూలి దొరకు మనిషికి, ఆసుపత్రికి మరల తిరిగిన ప్రతిదినము కూలి పోయిన దినమే. ఈలోగా ఆమె దగ్గు ఇంటిల్లిపాదికి ముప్పు. ఈ లెక్క ఆ ధరలో చేర్చిరా? క్షయ లక్షణములున్నవారిలో నూటికి 64 మంది వైద్యమునకే పోలేదని 2019-2021 జాతీయ సర్వే తేల్చెను. వచ్చిన కొద్దిమందినైనను వట్టిచేతులతో త్రిప్పిపంపుట ధర్మమా?

సూక్ష్మదర్శినిని పారవేయుడని మేమనుట లేదు. జన్యుపరీక్ష చచ్చిన క్రిముల ఆనవాలును గూడ పట్టును. కావున మందు పనిచేయుచున్నదా యని చూచుటకు అది తగదు. అచ్చట సూక్ష్మదర్శినియే మేలు. తొలి నిర్ణయమునకు మాత్రము జన్యుపరీక్షయే ముందుండవలెను. 2017-2025 జాతీయ క్షయ ప్రణాళికయే ఈ పరీక్షలను విస్తరింపవలెననెను. అన్నమాట ప్రతి ఆరోగ్యకేంద్రమునను నెరవేరవలెననియే మా కోరిక.

మనవారికొక మాట. క్షయను పరువుతక్కువగా నెంచి దాచకుడు. ఇంట తెలుగే మాటలాడు పెద్దలకు, ఆడవారికి ఈ సంగతి మన తెలుగుననే విప్పి చెప్పుడు. కఫమిచ్చిన ప్రతివారును "ఏ పరీక్ష చేసితిరి?" అని అడుగవలెను. తెలుగున అడిగినను, తమిళమున అడిగినను అది రోగి హక్కు.