స్తంభం ఒక్కటే.. చట్టాలు మూడు

కరెంటు తీగ, ఇంటర్నెట్ కేబుల్ జోలికి వెళ్తే శిక్ష ఏంటి? కోసినవాడితో పాటు మోసినవాడికీ, కొన్నవాడికీ కేసు ఎందుకు పడుతుంది? పోటీ పరీక్షలకు, ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ధరణికోట చుట్టుపక్కల మిరప, పత్తి చేలల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద కొన్ని మోటార్లు ఆధారపడి ఉంటాయి. పొద్దున్నే చేలోకి వెళ్లిన రైతుకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద పడి కనిపిస్తే ఇక చెప్పేదేముంది! మూత ఊడదీసి, ఆయిల్ నేలపాలు చేసి, లోపలి రాగి తీగ చుట్టలు పట్టుకుపోయి ఉంటారు. పల్నాడు జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు కొత్తేమీ కాదు. దొంగకు దక్కేది రాగి తూకానికి వచ్చే డబ్బు. రైతుకు మాత్రం కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించేదాకా మోటారు నడవదు, పైరుకు తడి అందదు. పూత మీదున్న మిరపకు ఆ నాలుగు రోజులే కీలకం.

మరి ఈ నేరానికి శిక్ష ఎంత? 'దొంగతనం కేసే కదా' అని తేల్చేస్తాం. కానీ ఒకే స్తంభం మీదున్న తీగలకు మూడు వేర్వేరు చట్టాలు వర్తిస్తాయి. ఏ చట్టం వర్తిస్తుందన్నది ఏం తెంపారు, ఎందుకు తెంపారు, అది ఎవరి ఆస్తి అన్న మూడు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

విద్యుత్ చట్టం ఏం చెబుతోంది?

విద్యుత్ చట్టం-2003లోని 136వ సెక్షన్ తీగలు, సామగ్రి దొంగతనానికి సంబంధించింది. మొదటిసారి దొరికితే మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఒకసారి శిక్ష పడ్డాక మళ్లీ చేస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, దాంతో పాటు రూ.10 వేలకు తగ్గని జరిమానా.

ఈ సెక్షన్‌లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. స్తంభమెక్కి తీగ కోసినవాడొక్కడే దొంగ కాదు. దురుద్దేశంతో ఆ తీగను ఇంట్లో దాచినా, బండికెత్తినా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించినా అదే నేరం, అదే శిక్ష. లాభం కోసం చేశారా లేదా అన్నదీ లెక్కలోకి రాదు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొన్నవాళ్లకు 137వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. పాత ఇనుము కొట్టు యజమానికి ఇది నేరుగా తగులుతుంది.

కొక్కేలు తగిలించి కరెంటు వాడుకోవడం వేరే నేరం, అది 135వ సెక్షన్. దాంట్లో డబ్బు కట్టి ఒక్కసారికి రాజీ చేసుకునే వీలుంది. తీగల దొంగతనానికి ఆ వెసులుబాటు లేదు. 'ఫైన్ కట్టేస్తే పోతుందిలే' అనే మాట ఇక్కడ పనిచేయదు.

ఒక వింత

తీగ ఎత్తుకుపోతే మూడేళ్ల వరకు జైలు. మరి ఎత్తుకుపోకుండా, సరఫరా ఆగిపోవాలనే ఉద్దేశంతో కోసి పడేస్తే? 140వ సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా రూ.10 వేల జరిమానా, అంతే. జైలు మాటే లేదు. అయితే 2007 సవరణతో చేర్చిన 151-బి సెక్షన్ 135 నుంచి 140 వరకున్న నేరాలన్నింటినీ నాన్ బెయిలబుల్ చేసింది. అంటే తుది శిక్ష జరిమానాయే అయినా, బెయిల్ మాత్రం హక్కుగా రాదు, కోర్టును అడగాలి.

ఈ లోటును పూడ్చేది ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం-1984. విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, టెలికం వ్యవస్థలకు చెందిన ప్రభుత్వ ఆస్తిని కావాలని ధ్వంసం చేస్తే 3(2) సెక్షన్ కింద కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన కారాగారం, జరిమానా. నిప్పు పెట్టినా, పేలుడు పదార్థాలు వాడినా శిక్ష పదేళ్ల దాకా వెళ్తుంది. ధర్నాలు, బంద్‌ల వేడిలో స్తంభాల మీద ప్రతాపం చూపించేవాళ్లు ముందుగా చదవాల్సింది ఈ చట్టాన్నే.

కేబుల్‌కు వేరే లెక్క

1984 చట్టం ప్రభుత్వ ఆస్తికే పరిమితం. ప్రైవేటు కంపెనీ టవరుకో, ఫైబర్‌కో నష్టం జరిగితే టెలికమ్యూనికేషన్స్ చట్టం-2023 అక్కరకొస్తుంది. ఇందులోని శిక్షల సెక్షన్ 2024 జూన్ 26న అమల్లోకి వచ్చింది. కేంద్రం 'కీలకం'గా నోటిఫై చేసిన టెలికం వ్యవస్థను దెబ్బతీస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. మిగతా నెట్‌వర్క్‌కు నష్టం చేస్తే పరిహారం కట్టాలి, దానిపైన రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

దొంగల కంటే ఎక్కువగా కేబుళ్లు తెంపేది పొక్లెయిన్లు, జేసీబీలే. దేశంలో ఏటా 10 లక్షల దాకా ఫైబర్ తెగుళ్లు, సుమారు రూ.3 వేల కోట్ల నష్టం అని కేంద్రం అంచనా. అందుకే 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వుతున్నామో అందులో ముందే చెబితే, కింద ఎవరి లైన్లున్నాయో వాళ్లకు కబురు వెళ్తుంది. సివిల్ పనుల్లో చేరే డిప్లొమా, ఇంజినీరింగ్ కుర్రాళ్లు మొదటి రోజే ఫోన్‌లో పెట్టుకోవాల్సిన యాప్ ఇది.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. రెండు లైన్లు కలిసి ఉన్నప్పుడు ఎవరు దేన్ని తీయొచ్చన్న గొడవ కూడా వస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను డిస్కం కత్తిరించడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ ఆగిపోయి, ఓ టెలికం కంపెనీ హైకోర్టు మెట్లెక్కింది. అనుమతి లేని తీగ ప్రాణాలు తీస్తుంది, నిజమే. అంతమాత్రాన దాన్ని ఎవరు పడితే వాళ్లు కోయడానికి లేదు. కాలనీలో పోటీ ఆపరేటర్ కేబుల్ కోసి రమ్మని రూ.500 చేతిలో పెడితే, కేసు పడేది ముందు కత్తెర పట్టినవాడి మీదే.

శిక్ష పెంచితే సరిపోతుందా?

దక్షిణాఫ్రికాలో రాగి కేబుళ్ల దొంగతనాలు రైళ్లనూ, కరెంటునూ కుదిపేశాయి. అక్కడ 2015లో తెచ్చిన చట్టం కీలక వ్యవస్థల ధ్వంసానికి 30 ఏళ్ల దాకా జైలు పెట్టింది. అయినా దొంగతనాలు ఆగలేదు. చివరికి 2022లో తుక్కు రాగి ఎగుమతినే నిషేధించాల్సి వచ్చింది. కొనేవాడున్నంతకాలం కోసేవాడు ఉంటాడన్నది దీంట్లోని పాఠం.

మన దగ్గరా లోపం శిక్షల్లో కంటే తూకం దగ్గరే ఉంది. కాల్చి నల్లబడ్డ రాగి తీగ కిలోల కొద్దీ వస్తే, ఎక్కడిదని అడిగే కొట్టు ఎంత అరుదో అందరికీ తెలుసు. 137వ సెక్షన్ పుస్తకంలో ఉంది. కొట్టువాడు అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు తీసుకుని రిజిస్టర్ రాస్తున్నాడా లేదా అని క్రమం తప్పకుండా చూస్తే, చేలో ట్రాన్స్‌ఫార్మర్‌కు కాపలా పెట్టే అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఉద్యోగం మాటేంటి?

ఇలాంటి కేసుల్లో యువకులు చాలాసార్లు అంచున ఇరుక్కుంటారు. 'ఆటో తీసుకురారా, కిరాయి ఇస్తా' అంటాడు ఒక స్నేహితుడు. 'ఈ మూట రెండు రోజులు మీ ఇంట్లో ఉంచు' అంటాడు ఇంకొకడు. చట్టం దృష్టిలో తరలించడం, దాచడం కూడా నేరాలేనని పైన చూశాం. మూటలో ఏముందో తెలియదని తర్వాత నిరూపించుకోవడం అంత తేలిక కాదు.

కానిస్టేబుల్, రైల్వే, సచివాలయం.. ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. దీనిపై అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అడిగిన సమాచారం నిజంగా చెప్పాలి. చెప్పినా సరే, అభ్యర్థి పూర్వాపరాలు చూసి నిర్ణయించే అధికారం యజమానికి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చితీరాలని ఎవరూ బలవంతం చేయలేరు. దాచిపెడితే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

గుర్తుంచుకోండి

* తెగిన తీగ, కింద పడ్డ ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే ముట్టుకోవద్దు. 1912కు ఫోన్ చేసి చెప్పండి. దొంగతనం అనిపిస్తే 112కు కూడా.
* రైతు అయితే లైన్‌మన్‌కు చెప్పి ఊరుకోకుండా, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి.
* తవ్వకం పని ఉంటే ముందు యాప్‌లో చెప్పండి.
* పరీక్షల కోసం: 136 దొంగతనం, 137 దొంగసొత్తు కొనడం, 140 సరఫరా ఆపాలని కోయడం, 1984 చట్టం 3(2) ప్రభుత్వ విద్యుత్, టెలికం ఆస్తుల విధ్వంసం.