సదరె జమ్హూరియాకి రాసిన అర్జీ ఎక్కడికి పోతుంది?

మా మొహల్లాలో ఒక ఖాలా ఉంది. బేవా. పింఛను ఆగి ఎనిమిది నెలలు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికొచ్చి, "బేటా, ఇక సదరె జమ్హూరియాకే రాసెయ్" అంది. రాసిచ్చాను. ఢిల్లీ నుంచి నంబరు వేసిన జవాబొచ్చింది: తగు చర్య కోసం రాష్ట్రానికి పంపాం అని. ఖాలా ఆ కాగితాన్ని అలమారాలో భద్రంగా దాచుకుంది.

ఆ అర్జీ మెట్టు మెట్టూ దిగి, ఎవరి మీద ఫిర్యాదో ఆ గుమాస్తా టేబుల్ మీదే వాలింది. ఆయన ఖాలాని పిలిపించి, "ఏమమ్మా, ఢిల్లీ దాకా ఎక్కావా?" అన్నాడు. "పరిశీలనలో ఉంది" అని రాసి పైకి పంపాడు. పైన ఫైలు ఖతమ్.

రాజ్యాంగం 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడవాలి. ఖాలా పింఛను ఆ కుర్చీ నుంచి మంజూరు కాదు, ఒప్పుకుంటాను. కానీ అర్జీని చేరవేయడం వేరు, ముల్జిమ్ చేతికే అప్పగించడం వేరు. ఆయనే తహకీకాత్ చేసి ఆయనే ఫైసలా రాస్తే దాన్ని పరిష్కారం అంటారా? మజాక్ అంటారు. పై అధికారి విచారించాలి. అర్జీ పెట్టినవాళ్లను అడక్కుండా ఫైలు మూయకూడదు. ఇంతకంటే పెద్ద ముతాలబా ఏమీ లేదు నాది.

జహంగీర్ బాద్‌షా ఆగ్రా కోటకు 60 గంటల బంగారు గొలుసు కట్టించాడు, ఫిర్యాదీ లాగితే తనకే వినపడాలని. మనం ఢిల్లీలో గొలుసు లాగితే గంట గుమాస్తా దగ్గర మోగుతోంది.

మన ఖాయిదీన్ మాత్రం తక్కువా? ఏ జుల్మ్ జరిగినా జుమా తర్వాత జులూస్, కలెక్టర్ చేతికి "రాష్ట్రపతికి వినతిపత్రం", ఫోటో, వాట్సాప్ స్టేటస్. ఆ కాగితం ఏమైందని తర్వాత అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ ఫోటోల కింద వార్తలు రాసింది నేనే, గునాలో నాకూ హిస్సా ఉంది.

అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయానికైతే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నా అర్జీ ఏ తేదీన ఎవరికి పంపారు, వాళ్లేం రాశారు, ఎవరు మూశారు? ఈ మూడే అడగండి. అర్జీ రాయడానికి ఇంగ్లీషు రాదని షరమ్ పడొద్దు. 350వ అధికరణ ఉర్దూలోనూ తెలుగులోనూ రాసుకునే హక్ ఇచ్చింది. అయినా అర్జీ, ఫిర్యాదు, దాఖలు, మంజూరు, జవాబు... ఆఫీసు తెలుగులో సగం మన ఇంటి మాటలే కదా.

ఖాలా పింఛను ఇంకా రాలేదు. మొన్న ఆర్టీఐ దరఖాస్తు మీద ఉర్దూలో దస్తఖత్ చేసింది. పోస్టాఫీసు రసీదు నా జేబులో ఉంది.