ముసలమ్మ కట్ట మీద నడవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

ఉచిత బస్సు వచ్చినప్పటి నుంచి ఒక జోకు ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఆడవాళ్ళకు ఇంట్లో పని లేక బస్సులెక్కి ఊరేగుతున్నారట. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిస్తాడు. ఆ జోకు పంపేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: అయ్యా, మేమింకా ఊరేగడం మొదలే పెట్టలేదు.

కావాలంటే ఒక రోజు అనంతపురం బస్టాండులో నిలబడి లెక్క చూడండి. ఒకామె పెద్దాసుపత్రికి. ఒకామె బ్యాంకుకు. ఒకామె పురుడు పోసుకున్న కూతురి దగ్గరికి. ఒకామె చావు పలకరింపుకు. ఒకామె మొక్కు తీర్చుకోవడానికి. అన్నీ ఎవరి కోసమో చేసే ప్రయాణాలే. మొక్కు కూడా మొగుడి ఆరోగ్యానికో కొడుకు ఉద్యోగానికో. "ఊరికే చూసొద్దామని పోతాండా" అనే మాట ఒక్క ఆడమనిషి నోటి నుంచి వినపడదు. వినపడాలని నేనంటాను. నెలకొకసారి ఏ పనీ పెట్టుకోకుండా, దగ్గరలో ఉన్న చెరువుకు బస్సెక్కి పోయి కట్ట మీద గంటసేపు నడిచి రావాలి. పిల్లల్ని, అత్తను, అమ్మను, ఎవరొస్తే వాళ్ళను వెంటబెట్టుకుని.

"అనంతపురంలో చెరువులేంటి?" అని నవ్వకండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మనది. అందుకే ఇన్ని చెరువులు. నీళ్ళు దండిగా ఉన్నచోట ఎవరూ ఇంత కష్టపడి కట్టలు పోయరు. అసలు మన ఊరే చెరువు వల్ల పుట్టింది. 1364లో బుక్కరాయల దగ్గర మంత్రిగా ఉన్న చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట పోయించాడు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. మరో అయిదేళ్ళకు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర వేయించిన శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెక్కించారు. ఆరున్నర శతాబ్దాల కిందటే చెరువుకు శాస్త్రం రాసుకున్న సీమ ఇది. నేడు దాని పిల్లలకు చెరువంటే బస్సు కిటికీలోంచి కనిపించి పోయే నీటి మరక.

ఇక ముసలమ్మ సంగతి. మా ఊళ్ళో ఆ కథ తెలియని వాళ్ళు లేరు. బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని వాక్కు వచ్చిందట. ఆమె నడిచి వెళ్ళి గండిలో నిలబడిందట. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాని మీదనే ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశారు. బీఏలో దాన్ని చదువుకున్న మేమంతా కరుణరసం గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత నాకొచ్చిన ప్రశ్న రసం గురించి కాదు. చెరువు కోసం చచ్చిపోయిన కోడలికి మనం పసుపు కుంకుమ పెడతాం. అదే చెరువు కట్ట మీద బతికున్న కోడలు గంటసేపు ఊరికే నడిస్తే మాత్రం "ఆ యమ్మకు పనేం లేదా?" అంటాం. కట్టలో పూడ్చుకోవడానికి పనికొచ్చే ఆడది, కట్ట మీద నడవడానికి ఎందుకు పనికిరాదు?

ఇంట్లో వినిపించే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. "ఆడ ఏముందని పోతావ్?" అనేది మొదటిది. ఏముందో చూసినవాళ్ళకు కదా తెలిసేది! నీటికాకి మునిగి లేచి, రాయి మీద రెక్కలు రెండూ చాపి బట్టలారేసినట్టు ఆరబెట్టుకుంటుంది. లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయి పడ్డట్టు నీళ్ళలో పడుతుంది. ఎర్రకాళ్ళ కొంగ కంటితో చేపను వెతకదు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ఆడిస్తూ నడుస్తుంది, చేప తగలగానే టప్పున మూస్తుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడే పోవాలని కూడా లేదు. నీళ్ళు తగ్గే కొద్దీ చేపలు గుంటల్లోకి చేరతాయి, కొంగలకు పండగ అప్పుడే. పూర్తిగా ఎండితే గొర్రెలు, తీతువులు, పగుళ్ళిచ్చిన ఒండ్రు. అదీ చూడాల్సిందే. కరువంటే ఏంటో పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి పలక లేదు.

"కాళ్ళ నొప్పులతో పెద్దావిడ ఎట్ల నడుస్తుంది?" అనేది రెండోది. మా అత్తకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. డాక్టరు నడవమంటాడు. మా వీధిలో నడుద్దామంటే మోటారు సైకిళ్ళు, కుక్కలు, ఎగుడు దిగుడు రాళ్ళు. చెరువు కట్టకు ఎత్తుపల్లాలు ఉండవు. ఎక్కేటప్పుడు చెయ్యి అందిస్తే చాలు, ఆ తర్వాతంతా సాపు. మొన్న బుక్కరాయసముద్రం కట్ట మీద ఆమె నాలుగుసార్లు కూర్చుని, నాలుగుసార్లు లేచి, నా కూతురికి తూము ఎట్లా తెరిచేవాళ్ళో, నీరుగంటి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదిలేవాడో, మరవ పారితే ఊరంతా ఎట్లా పరిగెత్తేదో చెప్పింది. ఇంట్లో టీవీ ముందు పదేళ్ళుగా ఉన్న మనిషే. ఈ కథలు మాకెప్పుడూ చెప్పలేదు. అడగడానికి అక్కడ చెరువు లేదు మరి.

ఆ కూతురే చదివే బడి పోయిన ఏడాది పిల్లల్ని విహారయాత్రకని బెంగళూరు తీసుకుపోయింది. కృత్రిమ జలపాతం, జారుడు బల్లలు, తిరిగొచ్చేటప్పుడు మాల్. వేలల్లో ఫీజు. అదే బడిలో చిత్తడి నేలలకు ఉదాహరణ రాయమంటే అందరూ కొల్లేరు అని రాశారు. తప్పు లేదు, కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు. కానీ సిటీ దాటగానే ఉన్న చెరువు కూడా అదే జాతి అని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

పిల్లలకే కాదు, చట్టానికీ ఎవరూ చెప్పినట్టు లేదు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, చిత్తడి నేల సహజంగా ఏర్పడినా మనుషులు చేసినా, ఏడాదంతా నీళ్ళున్నా కొన్నాళ్ళే ఉన్నా చిత్తడి నేలే. మన కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన చిత్తడి నేలల రక్షణ నిబంధనలు మాత్రం, తాగునీటి కోసం కట్టిన చెరువులనూ, సాగునీటి కోసం కట్టిన నిర్మాణాలనూ లెక్కలోంచి తీసేశాయి. మనవి తొంభై పాళ్ళు అవే! రాయలు కట్టించాడు కాబట్టి, మడికి నీళ్ళిచ్చింది కాబట్టి మన చెరువుకు ఆ రక్షణ లేదు. మరి ఆ కొంగకు ఎవరు చెప్పాలి, ఇది సహజ సరస్సు కాదు, దిగకు అని?

కొంగలంటే గుర్తొచ్చింది. హిందూపురం దిక్కున చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లలు ఎగిరేదాకా ఉంటాయి. ఊరివాళ్ళు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. పేపర్లు మాత్రం వాటిని "సైబీరియా కొంగలు" అంటాయి. సైబీరియాకూ వాటికీ సంబంధం లేదు. అవి మన ఉపఖండపు కొంగలే, మన చెరువుల చేపలు తినేవే. పరాయి దేశం పేరు తగిలిస్తే తప్ప మన ఇంటి పిట్టకు విలువ కట్టలేం. మన ఇంటి ఆడమనిషి విషయంలోనూ మనకున్న జబ్బు ఇదేననిపిస్తుంది.

చెరువును "అభివృద్ధి" చేస్తామని వచ్చేవాళ్ళతో నాకు ఇంకా పెద్ద తగువు. వాళ్ళ దృష్టిలో అభివృద్ధి అంటే కట్ట మీద టైల్స్, రంగు దీపాలు, ఫైబర్ బొమ్మలు, ఫొటోలు దిగడానికి ప్రేమ గుర్తు, పక్కన కార్ల పార్కింగు. తుంగను, జమ్మును పీకేస్తే గూళ్ళు పెట్టుకునే పిట్టలకు చోటుండదు. రాత్రంతా దీపాలు వెలిగితే నిద్రపోవడానికి చోటుండదు. ఆ తర్వాత ప్రవేశ రుసుము పెడతారు, అప్పుడు నాలాంటిదానికీ చోటుండదు. మేం అడిగేది చాలా తక్కువ. కట్ట దగ్గర బస్సు ఆపండి. అక్కడ వచ్చీపోయే బస్సుల వేళలు రాసిన ఒక బోర్డు పెట్టండి. నీళ్ళు వచ్చే ఒక మరుగుదొడ్డి కట్టండి. సాయంత్రం కట్టెక్కి సీసాలు పగలగొట్టేవాళ్ళను దించేయండి. మిగతాది చెరువే చూసుకుంటుంది.

ఇక వెళ్ళదలచినవాళ్ళకు నాలుగు మాటలు. అనంతపురం వాళ్ళకు బుక్కరాయసముద్రం అన్నిటికన్నా దగ్గర, ఆ దిక్కునే ఇంకా ముందుకు పోతే శింగనమల చెరువు. ధర్మవరం వాళ్ళకు ఊరి చెరువే ఉంది. పుట్టపర్తి వాళ్ళకు పక్కనే బుక్కపట్నం. పొద్దున్నే పోండి, ఎండెక్కక ముందే పిట్టలుంటాయి. నలుగురైదుగురు కలిసి పోండి. బస్సు దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో కండక్టరును అడిగి పెట్టుకోండి. చిత్రాన్నమో బొరుగులో కట్టుకుని, కవర్లు మళ్ళీ ఇంటికే తెచ్చుకోండి. కట్ట దిగి లోపలికి మాత్రం పోవద్దు, పిల్లల్ని అసలు పోనివ్వద్దు. మట్టి తవ్వుకుపోయిన గుంతలు నీటి కింద కనిపించవు. కంప చెట్ల పక్కన పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులు వేసుకోండి.

ఇదంతా కాలక్షేపం అనుకునేవాళ్ళు 2022 అక్టోబరును గుర్తు తెచ్చుకోవాలి. కరువు జిల్లా అనే పేరున్న మన అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంకలో ఇళ్ళు లేచిన రోజున, కాలువ సన్నబడిన రోజున ఎవరూ గొంతెత్తలేదు. ఆ వంక ఎంత వెడల్పు ఉండేదో చూసి గుర్తు పెట్టుకున్నవాళ్ళు లేకపోయారు. చెరువుకూ అదే గతి పడుతుంది. ఒక మూల మట్టి పోస్తారు, మరుసటి ఏడు రాళ్ళు పాతుతారు, ఆపైన ప్లాట్ల బోర్డు. రోజూ కారులో పోయేవాడికి ఆ తేడా తెలియదు. నెలనెలా కట్ట మీద నడిచే ఆడవాళ్ళకు తెలుస్తుంది. పోయిన నెల ఇక్కడ నీళ్ళుండె, ఈ నెల మట్టి కుప్ప ఎట్లొచ్చె అని నిలదీస్తారు. పనిలేక తిరిగే ఆడవాళ్ళంటే ఎవరికి భయమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.