మరనాత: మన దొర ఎవరు?

ప్రార్థన మందిరాల బోర్డుల మీద 'మరనాత' అన్న మాట చూస్తుంటాం. అరిచి చెప్పేవాళ్ళు బోలెడు మంది. అర్థం విప్పి చెప్పేవాళ్ళే తక్కువ.

అది అరామిక్ మాట. పాలస్తీనాలో యేసూ, ఆయన వెంట నడిచిన బీదాబిక్కీ ఇంట్లో మాట్లాడుకున్న భాష. పౌలు క్రీ.శ. 50ల్లో కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం గ్రీకులో వుంది. దాని చివర, 16వ అధ్యాయం 22వ వచనంలో, ఈ మాట మాత్రం అరామిక్ లోనే వుండిపోయింది. ఎందుకని? అప్పటికే అది జనం నోళ్ళలో నానిన పిలుపు గనక. ఏలేవాళ్ళ భాష పాలితుల మాటను మార్చలేకపోయింది.

'మరన్ అతా' అని విడదీస్తే మన ప్రభువు వచ్చాడు. 'మరనా తా' అంటే మా ప్రభువా, రా. తొలి సంఘాల నియమాల పుస్తకం 'డిడాకే'లో, కలిసి తినే భోజనం ప్రార్థన చివర ఇదే మాట వుంది. అంటే ఇది బువ్వ దగ్గర పుట్టిన కేక.

అసలు సంగతి 'మర్'లో వుంది. మర్ అంటే దొర, యజమాని. ఆనాడు దొర ఎవరు? బానిసల్ని కొన్నవాడు. అందరిమీదా రోము చక్రవర్తి. సిలువ ఎవరికి? బానిసలకూ, తిరగబడ్డవాళ్ళకూ. ఆ సిలువ మీద చచ్చిన వడ్రంగిని 'మా దొర' అన్నారంటే, తక్కిన దొరల్ని కాదన్నట్టే గదా!

అయినా అదే కొరింథులో కలిగినోళ్ళు ముందే తిని తాగేవాళ్ళు, లేనోళ్ళు పస్తుండేవాళ్ళు. 11వ అధ్యాయంలో పౌలు నిలదీసింది దాన్నే. ఆ 'మర్' కేరళలో బిషప్పుల పేర్ల ముందు 'మార్' అనే బిరుదైంది. మార్తోమా సంఘంలో చేరిన దళితుడు పొయికయిల్ యోహన్నాన్‌కు అక్కడా కులమే ఎదురైంది. ఆయన బయటికొచ్చి 1909లో ప్రత్యక్ష రక్షా దైవ సభ పెట్టాడు.

మన సంగతేమిటి? మాలలకో చర్చి, మాదిగలకో చర్చి కట్టుకుని రెండింట్లోనూ 'మరనాత' అంటున్నాం. ఆదివారం ఆయన్ని దొరా అని పిలిచి, సోమవారం భూస్వామి ముందు చేతులు కట్టుకుంటున్నాం. ఆ పిలుపుకు అర్థం వుండాలంటే ముందు ఈ రెండు చర్చిల మధ్య గోడ పడాలి. రమ్మంటున్నాం సరే, వచ్చినవాడు ఏ బల్ల దగ్గర కూచోవాలి?